వ్యాన్‌లో ఇల్లు.. నీళ్లలో కొలువు!

రీల్స్‌లో మీరూ చూసే ఉంటారు. వెనక తలుపులు బార్లా తెరిచిన వ్యాన్, లోపల పరుపు, ఎదురుగా నీలి సముద్రం. మరుక్షణం అదే మనిషి వీపుకు సిలిండర్ తగిలించుకుని పగడపు దిబ్బల మీదుగా ఈదుతుంటాడు. కింద ‘ఉద్యోగం మానేశా.. బతకడం మొదలుపెట్టా’ అని ఓ ముక్క. ‘మానేయడానికి మనకసలు ఉద్యోగం రావాలి కదా’ అని నవ్వుకుని పైకి తోసేసి ఉంటారు.

కానీ అలాంటి వీడియోలు తీసే చోటే ఏడాదిపాటు పని చేసుకుంటూ ఉండే అవకాశం మన డిగ్రీ విద్యార్థులకూ వచ్చింది. సన్నటి దారే. అయినా దారే. అందులో చేతికొచ్చేదేంటి, ఎక్కడ దెబ్బ తింటారు అన్నది అప్పు చేసి విమానం ఎక్కకముందే తెలుసుకుంటే మంచిది.

ఆ చోటు పేరు నింగలూ. ఆస్ట్రేలియా పశ్చిమ తీరాన దాదాపు 260 కిలోమీటర్ల పొడవున్న పగడపు దిబ్బ. 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. చాలా పెద్ద దిబ్బల దగ్గరికి పడవలో గంటల తరబడి వెళ్లాలి. ఇక్కడ కొన్నిచోట్ల ఒడ్డు నుంచి వంద మీటర్లు ఈదితే చాలు, కాళ్ల కింద పగడాలే. అక్కడికి చేరాలంటే పెర్త్ నగరంలో దిగి, ఎక్స్‌మౌత్ అనే చిన్న ఊరి దాకా సుమారు 1250 కిలోమీటర్లు ఉత్తరానికి వెళ్లాలి. అంటే హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లి, అటునుంచి అటే వెనక్కి వచ్చేసినంత. తేడా ఏంటంటే మన దారిలో సూర్యాపేట, విజయవాడ, రాజమహేంద్రవరం, తుని.. టీ తాగాలనిపిస్తే ఎక్కడైనా ఆపొచ్చు. ఆ దారిలో కార్నార్వన్ దాటాక ఊరు సంగతి తర్వాత, పెట్రోలు పోయించుకోవాలన్నా వంద కిలోమీటర్లకు పైగా పోవాలి.

లాటరీ తగిలితేనే..

పర్యాటక వీసాతో వెళ్లి ఆస్ట్రేలియాలో పనిచేస్తే చట్టరీత్యా తప్పు. పని చేసుకుంటూ తిరగాలంటే కావాల్సింది ‘వర్క్ అండ్ హాలిడే’ వీసా, సబ్‌క్లాస్ 462. రెండు దేశాల మధ్య 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చిన వాణిజ్య ఒప్పందం పుణ్యాన ఇది 2024 నుంచి మనకూ దక్కింది. ఏటా 1000 మందికే. వయసు 18 - 30 ఏళ్ల మధ్య ఉండాలి. ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ల చదువు పూర్తిచేసి ఉండాలి. ఇంగ్లిష్‌కు ఐఈఎల్‌టీఎస్ సగటు 4.5 చాలు. గడువు ఏడాది. ఒకే యజమాని దగ్గర మామూలుగా ఆరు నెలలకు మించి పనిచేయకూడదు. నాలుగు నెలల దాకా ఏదైనా కోర్సు కూడా చేసుకోవచ్చు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

వెయ్యి సీట్లకు పోటీ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అందుకే ముందు బ్యాలెట్. 25 ఆస్ట్రేలియా డాలర్లు కట్టి పేరు నమోదు చేసుకుంటే కంప్యూటర్ పేర్లు తీస్తుంది. వచ్చిందా, 28 రోజుల్లో అసలు దరఖాస్తు పెట్టాలి. దానికి వేరే ఫీజు. సుమారు 5000 డాలర్లు, దానిపైన తిరుగు టికెట్‌కు సరిపడా సొమ్ము మీ దగ్గర ఉన్నట్టు చూపించాలి.

ఇది అచ్చంగా లాటరీ. మార్కులు చూడరు, మీ కథ చదవరు. కాబట్టి ‘గ్యారంటీగా పేరు వేయిస్తా’ అనే ఏజెంటు అబద్ధమాడుతున్నట్టే. పాతిక డాలర్ల పనికి 50 వేల రూపాయలు అడిగేవాళ్లు అమీర్‌పేటలో దొరకరని మాత్రం నేను హామీ ఇవ్వలేను. ఆస్ట్రేలియా హోం అఫైర్స్ శాఖ వెబ్‌సైట్‌లో తేదీలు మీరే చూసుకోండి, ఫారం మీరే నింపండి. పేరు వచ్చేదాకా ఉద్యోగ ప్రయత్నాలు ఒక్కరోజు కూడా ఆపొద్దు.

ముందు చెవుల సంగతి చూడండి

లాటరీ చేతిలో లేదు. చెవులు చేతిలో ఉన్నాయి. నీళ్లలో పది మీటర్లు దిగితే ఒంటి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. దాన్ని మొదట పట్టుకునేది చెవులే. ముక్కు మూసుకుని మెల్లగా ఊది ఒత్తిడి సరిచేసుకోవడం కొందరికి మొదటిరోజే వచ్చేస్తుంది, కొందరికి ఎంతకీ రాదు. ఆ సంగతి ఎక్స్‌మౌత్ వెళ్లాక తెలిస్తే ఎంత నష్టమో ఆలోచించండి. విశాఖ రుషికొండ దగ్గరే డైవింగ్ నేర్పేవాళ్లున్నారు. పుదుచ్చేరి, మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి, అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్ ఉండనే ఉన్నాయి.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు. టూరిస్టులతో కలిసి చేయించే అరగంట డైవ్‌కు సర్టిఫికెట్ అని ఓ కాగితం ఇస్తారు. అది ఫొటో పక్కన పెట్టుకోవడానికే. పనికొచ్చే తొలిమెట్టు ‘ఓపెన్ వాటర్ డైవర్’ కోర్సు. మూడు నాలుగు రోజులు, మన దేశంలో 30 వేల రూపాయలకు అటూఇటూ. దీనికి 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, పది నిమిషాలు నీటి మీద తేలాలి. నడుముకు మునగబెండు కట్టుకుని కాలవలో ఈత నేర్చుకున్నవాళ్లకు ఇది లెక్కే కాదు. ఈత రానివాళ్లు ముందు ఊళ్లోని స్విమ్మింగ్ పూల్‌కు వెళ్లాలి. కోర్సుకు ముందు ఆరోగ్య ప్రశ్నపత్రం ఇస్తారు. ఆస్తమా, చెవిలో చీము, ఫిట్స్.. ఏదున్నా దాచకండి. ‘నో’ అని టిక్ పెట్టేస్తే కోర్సు దొరుకుతుంది కానీ, లోపల ఊపిరి ఆడనప్పుడు ఆ టిక్ ఆదుకోదు.

చీకటి పడకముందే ఆపాలి

సరే, పేరు వచ్చింది, పెర్త్‌లో వ్యాన్ తీసుకున్నారనుకోండి. మనలాగే అక్కడా ఎడమవైపు డ్రైవింగే. ఇంటర్నేషనల్ పర్మిట్ ఇక్కడి ఆర్టీఏ కార్యాలయంలోనే తీసుకుని వెళ్లండి. వ్యాన్‌లో మంచం, గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు ఉంటాయి. పప్పు చారు వండుకోవచ్చు. వాడిన నీళ్లు రోడ్డు పక్కన పారబోయకూడదు, వాటికి వేరే చోట్లున్నాయి.

తొలిరోజు జెరాల్డ్‌టన్ దాకా 420 కిలోమీటర్లు హాయిగా సాగుతుంది. దారిలో సెర్వాంటెస్ దగ్గర పసుపు ఇసుకలో వేల సున్నపురాతి స్తంభాలు చూస్తారు. అసలు రోడ్డు ఆ తర్వాత మొదలవుతుంది. ఎదురుగా వచ్చేది లారీ అనుకుంటారు. అది ‘రోడ్ ట్రెయిన్’, మూడేసి ట్రెయిలర్లు తగిలించుకుని 53 మీటర్ల పొడవు దాకా ఉంటుంది. దాన్ని దాటాలంటే ఎదుటి రోడ్డు కిలోమీటరుకు పైగా ఖాళీగా కనిపించాలి. కనిపించలేదా, వెనకే వెళ్లండి. పొద్దు గుంకే వేళ, తెల్లవారే వేళ కంగారూలు రోడ్డెక్కుతాయి. హెడ్‌లైట్ పడగానే పక్కకు పోవు, ఎదురే గెంతుతాయి. అందుకే చాలా అద్దె ఒప్పందాల్లో ఊరి బయట చీకట్లో నడిపితే బీమా వర్తించదని రాసి ఉంటుంది. మట్టి రోడ్లకూ అంతే. ఆ చిన్న అక్షరాలు చదవకుండా సంతకం పెట్టి, డిపాజిట్ మొత్తం పోగొట్టుకుని, మిగతా ఏడాది అప్పు తీర్చడానికే పనిచేసేవాళ్లు ఉంటారు. సాయంత్రం నాలుగున్నరకల్లా ఎక్కడ ఆగాలో తేల్చేసుకోండి.

ఊళ్లు దాటితే ఫోన్ సిగ్నల్ ఉండదు. తాగునీళ్లు ఎప్పుడూ రెండు రోజులకు సరిపడా ఉంచుకోవాలి. వెళ్లే కాలం కూడా ముఖ్యమే. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా బాగుంటుంది. వేసవిలో, అంటే మన చలికాలంలో, 40 డిగ్రీలు దాటే ఎండ, దానికి తోడు తుపాన్ల భయం. 1999 మార్చిలో వాన్స్ తుపాను వచ్చినప్పుడు ఎక్స్‌మౌత్ పక్కనున్న లియర్‌మంత్‌లో గంటకు 267 కిలోమీటర్ల గాలి నమోదైంది.

నీళ్ల కింద లెక్కలు

ఎక్స్‌మౌత్ ఊరే ఓ వింత. 1967లో నౌకాదళ రేడియో కేంద్రం కోసం కట్టిన ఊరు. వీధుల్లో ఈమూ పక్షులు మన ఆవుల్లాగా తిరుగుతుంటాయి. ఆ కేంద్రానికి సరుకులు దించడానికి కట్టిన నేవీ పియర్ అనే రేవు కింద ఇప్పుడు ప్రపంచమంతా మెచ్చే డైవ్ ఉంది. స్తంభాల చుట్టూ చేపల గుంపులు, ఇసుకలో పడుకున్న వాబెగాంగ్ సొరలు. రక్షణ శాఖ స్థలం కాబట్టి అనుమతి ఉన్న సంస్థతోనే వెళ్లాలి, అదీ ఆటుపోట్ల మధ్య నీరు నిలకడగా ఉన్న కాసేపే. ఆ కేంద్రానికి పెట్టిన పేరు హెరాల్డ్ హోల్ట్. ఆస్ట్రేలియా ప్రధానిగా ఉండగానే 1967 డిసెంబరులో విక్టోరియా తీరాన ఈతకు దిగి, మళ్లీ కనిపించని మనిషి. ఆయన నీళ్లంటే ప్రాణం పెట్టేవాడు, డైవింగ్ కొత్తేమీ కాదు. రేవు మీద నిలబడి కిందికి చూసేటప్పుడు ఆ పేరు గుర్తుకురాక మానదు.

ప్రమాదం చాలాసార్లు అందమైన చోటే ఉంటుంది. అక్కడి టర్కాయిజ్ బేలో ఒడ్డుకు ఓ చివర నీళ్లలో దిగితే ప్రవాహమే మిమ్మల్ని పగడాల మీదుగా తేల్చుకుపోతుంది. కాళ్లు ఆడించక్కర్లేదు. కానీ ఇసుక మొన రాకముందే ఒడ్డెక్కాలి. ఆ తర్వాత నీరు దిబ్బలోని సందు గుండా సముద్రంలోకి లాగేస్తుంది.

స్కూబాలో అయితే మొదటి నియమం ఊపిరి బిగపట్టకపోవడం. రెండోది నెమ్మదిగా పైకి రావడం. గోలీసోడా గోలీ నొక్కగానే బుస్సుమని బుడగలు లేస్తాయి కదా, లోతులో మన రక్తంలో కరిగిన నత్రజని కూడా గబుక్కున పైకొస్తే అలాగే బుడగలవుతుంది. అందుకే నిమిషానికి 9 మీటర్లకు మించకుండా లేచి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగుతారు. బుడగలు పట్టేస్తే కావాల్సిన ఒత్తిడి గది పెర్త్‌లోని ఫియోనా స్టాన్లీ ఆసుపత్రిలో ఉంది. మీరు వ్యాన్‌లో రోజుల తరబడి వచ్చిన దూరమంతా వెనక్కి పోవాలన్నమాట. ‘ఇవాళ నాకు బాగోలేదు, దిగను’ అని చెప్పడం డైవింగ్‌లో సిగ్గుపడాల్సిన మాట కాదు. పనిలో పెట్టుకునేవాళ్లు మీలో వెతికేదీ అదే.

ఇంతకీ ఉద్యోగం?

ఉన్న మాట చెప్పుకుందాం. తొలి పని నీళ్ల కింద దొరకదు. కారవాన్ పార్కులో గదులు కడగడం, రోడ్‌హౌస్ వంటింట్లో గిన్నెలు, కేఫ్‌లో ఆర్డర్లు, కార్నార్వన్ అరటి తోటల్లో కోతలు.. ఇవీ మొదటి నెలల పనులు. ఆస్ట్రేలియాలో కనీస వేతనం 2025 జులై నుంచి గంటకు 24.95 డాలర్లు. తక్కువిచ్చి చేతికి నగదు పెడతామంటే ఒప్పుకోవద్దు. ఎన్ని గంటలు చేశారో రోజూ రాసుకోండి, పే స్లిప్ అడగండి. తేడా వస్తే ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్‌కు చెప్పుకోవచ్చు. సీజన్‌లో ఎక్స్‌మౌత్‌లో అద్దె గది దొరకడం కష్టం. అక్కడ వ్యాన్ విలాసం కాదు, స్టాఫ్ క్వార్టర్. అలాగని వీధిలో ఆపి పడుకుంటే జరిమానా పడుతుంది, క్యాంపు స్థలంలోనే ఉండాలి.

డైవింగ్ మెట్లు వేరే. ఎక్కువమంది చేసే ప్యాడీ సంస్థ కోర్సుల్లో (పాడి పశువులకు సంబంధం లేదు) ఓపెన్ వాటర్ తర్వాత అడ్వాన్స్‌డ్, రెస్క్యూ, ఆపైన డైవ్‌మాస్టర్. పర్యాటకులను నీళ్లలోకి తీసుకెళ్లే ఉద్యోగానికి మొదటి అర్హత ఈ డైవ్‌మాస్టరే. మొదలుపెట్టడానికి 40 డైవ్‌లు, పూర్తయ్యేసరికి 60 లాగ్‌బుక్‌లో ఉండాలి. ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే 100. వీసాలో చదువుకిచ్చిన నాలుగు నెలలు ఇక్కడే వాడుకోవాలి. ‘ఊరికే పనిచేయండి, కోర్సు ఉచితం’ అనే ఆఫర్లూ వస్తాయి. ఎన్ని గంటలు, ఎన్ని డైవ్‌లు, సర్టిఫికెట్ ఫీజు ఎవరిది అన్నది కాగితం మీద లేకపోతే అది కోర్సు కాదు, వెట్టి.

మార్చి నుంచి జులై దాకా వేల్ షార్క్‌ల కాలం. బస్సంత చేప, కానీ తినేది పాచి లాంటి సూక్ష్మజీవులను. మన విశాఖ తీరంలోనూ అప్పుడప్పుడు వలలో పడుతుంటుంది. నింగలూలో చిన్న విమానం పైనుంచి దాన్ని కనిపెట్టి పడవకు చెబుతుంది. పర్యాటకులు స్కూబా లేకుండా స్నార్కెల్‌తోనే దిగుతారు. ఒకసారికి పది మందే, ఒంటికి 3 మీటర్లు, తోకకు 4 మీటర్ల దూరం, ఫ్లాష్ నిషేధం. ఈ ఒక్క చేప చుట్టూ స్కిప్పర్, పైలట్, గైడ్, డెక్‌హ్యాండ్, ఫొటోగ్రాఫర్ ఇంతమంది బతుకుతున్నారు. కెమెరా పని, ప్రథమ చికిత్స సర్టిఫికెట్, పడవ ఇంజిన్ పరిజ్ఞానం ఉంటే డైవ్‌మాస్టర్‌గా మీకు పిలుపు ముందొస్తుంది. మెకానికల్ డిప్లొమా వాళ్లు ఈ వాక్యం మళ్లీ చదవండి, ఎయిర్ కంప్రెసర్ బాగుచేయగలిగినవాడికి డైవ్ షాపులో విలువ వేరు.

సైన్స్ విద్యార్థులకు ఇంకో దారి. 2025 మొదట్లో సముద్రపు వేడి పెరిగి నింగలూ పగడాలు తీవ్రంగా తెల్లబడ్డాయి. మన పగడాలకు అలాంటి ముప్పు ఉందో లేదో ముందే హెచ్చరించేది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్. విశాఖలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ కేంద్రం, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర జీవ వనరుల విభాగం ఉన్నాయి. నీళ్లలో దిగి లెక్కించగలిగిన జువాలజీ పట్టభద్రుణ్ని ఇలాంటి చోట్ల ప్రత్యేకంగా చూస్తారు.

ఇక గ్యాప్ సంగతి. చాలా సంస్థల ఫ్రెషర్ డ్రైవ్‌లకు ఆ ఏడాది పాసైనవాళ్లనే పిలుస్తారు. చేతిలో ఆఫర్ ఉంటే దాన్ని వదులుకుని వెళ్లడం నాకైతే తెలివిగా అనిపించదు. వీసాకు 30 ఏళ్ల దాకా సమయముంది. రెండేళ్లు పనిచేసి, ఆ 5000 డాలర్లు సొంతంగా కూడబెట్టి, ఏటా బ్యాలెట్‌లో పేరు వేస్తూ ఉండొచ్చు. నాన్న పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి వెళ్లాల్సిన ప్రయాణం మాత్రం కాదిది.

వెళ్లినవాళ్లు తిరిగొచ్చే రోజు గురించి ఓ మాట. ఆఖరి డైవ్ అవగానే లియర్‌మంత్‌లో విమానం ఎక్కేయకూడదు. ఒక్క డైవే అయితే కనీసం 12 గంటలు, వరుసగా చేసి ఉంటే 18 గంటలు నేల మీదే ఉండాలి. ‘అయితే వ్యాన్‌లో బయల్దేరతా’ అంటారా? తీరం వెంట రోడ్డుకు ఆ ఇబ్బంది లేదు. కానీ మధ్యాహ్నం డైవ్ ముగించి, సామాను కడిగి ఆరబెట్టేసరికి సాయంత్రం అవుతుంది. అది కంగారూల వేళ. పొద్దున్నే వెళ్లండి.