మూడున్నర రూపాయల వడ్డీ

ఊళ్లో ఎవరైనా నూటికి మూడున్నర రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడంటే ఇంటిల్లిపాదీ తల పట్టుకుంటారు. రూపాయి ధర్మవడ్డీ, రెండంటే కాస్త భారం, మూడు దాటితే మునిగినట్టే. పెద్దవాళ్లకు కంఠతా వచ్చిన లెక్క ఇది. అదే ఇంటి కొడుకు హైదరాబాద్‌లో నెలకు 3.5 శాతం చొప్పున క్రెడిట్ కార్డు బాకీ మోస్తుంటే మాత్రం ఎవరూ ఉలిక్కిపడరు. ఏడాదికి 42 శాతం అని కార్డు కాగితాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదివేదెవరు?

కార్డు చెడ్డదని కాదు. గడువులోగా బిల్లు మొత్తం కట్టేవాళ్లకు 45, 50 రోజుల దాకా పైసా వడ్డీ లేకుండా సరుకు చేతికొస్తుంది. చిక్కంతా బిల్లులో మొత్తం బాకీ పక్కనే కనిపించే రెండో అంకెతో: మినిమమ్ డ్యూ. లక్ష బాకీ ఉంటే అందులో 5 శాతం, అంటే 5,000 కడితే చాలు అన్నారనుకుందాం. ఆ నెల వడ్డీ 3,500. దాని మీద జీఎస్టీ 18 శాతం, 630. ఇక అసలులో తగ్గింది 870 రూపాయలు. ఫైన్ పడలేదని మనం ఊపిరి పీల్చుకుంటాం, బాకీ ఉన్నచోటే ఉంటుంది. పైగా పాత బాకీ మిగిలి ఉండగా కొత్తగా ఏది కొన్నా వడ్డీ లేని గడువు వర్తించదు. నిన్న కొన్న పాల ప్యాకెట్టుకు నిన్నటి నుంచే వడ్డీ మొదలవుతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

వరసగా రెండు మూడు నెలలు మినిమమ్‌తో సరిపెడుతున్నారా? నా దృష్టిలో ప్రమాదం అక్కడే మొదలైనట్టు. టీవీ, ఫోను లాంటివి కార్డు మీద కొనడం వేరు. పదో తారీఖుకే జీతం అయిపోయి బియ్యం, పెట్రోలు, పిల్లల ఫీజు కార్డు మీదకు ఎక్కడం వేరు. లిమిట్ పెంచుతామని మెసేజ్ వస్తే జీతం పెరిగినంత సంబరపడటం ఇంకో గుర్తు. మీరు స్పష్టంగా ఒప్పుకోనిదే లిమిట్ పెంచకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది; వద్దనే హక్కు మీదే.

ఇక ఆఖరి మెట్టు రొటేషన్. ఒక కార్డు గీకి ఇంకో కార్డుకు కట్టడం. దీని కోసమే నడిచే దుకాణాలున్నాయి. బోర్డు మీద మొబైల్ రీచార్జ్, లోపల స్వైపింగ్ మిషన్.

“అన్నా, యాభై గీకితే ఎంతిస్తవ్?”

“రెండున్నర పర్సెంట్ పోతది తమ్ముడూ. ఇంకో కార్డుందా?”

ఏమీ కొనకుండా కొన్నట్టు చూపించే ఈ పని కార్డు నిబంధనలకు విరుద్ధం. ఏటీఎంలో కార్డు పెట్టి నగదు తీయడమూ దీనికేం తీసిపోదు. ఫీజుతో పాటు తీసిన రోజు నుంచే వడ్డీ.

వడ్డీని కోర్టులు అదుపు చేస్తాయిలే అనుకోవద్దు. 30 శాతం దాటితే అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది, నిజమే. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది.

బయటపడే దారి మొదట కాగితం మీదే దొరుకుతుంది. అన్ని కార్డుల బాకీ ఒక్కచోట రాసి కూడండి. ఆ మొత్తం చూడటానికే భయమేస్తోందంటే జబ్బు ముదిరినట్టే. కార్డు వాడకం ఆపి, ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి కార్డు తీర్చేయడం లెక్క ప్రకారం లాభమే. చాలా బ్యాంకుల్లో ఆ వడ్డీ కార్డు వడ్డీలో మూడో వంతు కూడా ఉండదు. కానీ ఖాళీ అయిన కార్డు మళ్లీ గీకారా, అప్పు రెండింతలు. ఎంతో కొంత కట్టి సెటిల్ చేసుకోమని ఫోన్లొస్తే తొందరపడకండి. ‘సెటిల్డ్’ అన్న ముద్ర క్రెడిట్ రిపోర్టులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బంధువుల ముందు పరువు తీయకూడదు. వేధిస్తే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, వివరాలకు 14448.

ఈ నెల స్టేట్‌మెంట్ వచ్చాక మొదటి పేజీతో ఆపకుండా ‘ఫైనాన్స్ ఛార్జెస్’ అన్న వరస వెతకండి. అక్కడ సున్నా కాక ఇంకేదైనా ఉంటే, ఆ రాత్రే ఇంట్లోవాళ్లకు చెప్పండి.