తేటగా ఉన్నాయని నమ్మకండి!

మీ కుళాయి గుంటలో ఉందా? మాదీ అంతే. ధార సన్నగా ఉందని గుంట తవ్వి కిందికి దించాం. నీళ్ళు తేటగానే ఉండేవి. పటిక తిప్పి, గుడ్డతో వడకట్టి తాగేవాళ్ళం. అయినా ఓ వర్షాకాలం మా చిన్నవాడికి వాంతులు, విరేచనాలు పట్టుకుని సెలైను ఎక్కించాల్సి వచ్చింది.

డాక్టరుగారు చెప్తేగానీ తెలియలేదు. సరఫరా ఆగాక, కట్టకుండా వదిలేసిన కుళాయి గుంటలోని మురుగును వెనక్కి పీల్చుకుంటుందట. పటిక మడ్డిని దించుతుందే గానీ క్రిములను చంపదు.

వెంటనే గుంట పూడ్పించి, కుళాయి పైకెత్తించాం. ధార సన్నబడింది, పోనీండి! మొదట వచ్చే నీళ్ళు మొక్కలకు పోస్తాను. తాగే నీళ్ళు కళపెళా తెర్లాక మరో నిమిషం మరగనిచ్చి, అదే గిన్నెలో మూతపెట్టి చల్లారుస్తాను. చెయ్యి తగలకుండా కాడ గరిటెతో ముంచుతాను. మీరూ ఈరోజే మీ కుళాయి చూసుకోండి.