వెలయు విలువయు

బాలలారా! వెల, విలువ అను రెండు మాటలను మనము ఒక్కటే యని తలచి వాడుచుందుము. కాని వీని నడుమ గొప్ప భేదము కలదు. ఒక వస్తువునకు అంగడిలో ఇతరులు ఇచ్చు ధనము వెల. మన మనస్సు దానికిచ్చు స్థానము విలువ. ఈ భేదమును నాకు చక్కగా బోధించినది ఒక చిన్న అట్టముక్క.

1983 జూన్ 25వ తేదీన కపిల్ దేవ్ నాయకత్వమున మన క్రికెట్ జట్టు లార్డ్స్ మైదానమున వెస్టిండీస్ జట్టును 43 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచ కప్పును గెలిచెను. 1987లో ఆ పోటీలు మన దేశమునందును, పాకిస్తానునందును జరిగినవి. ఆ దినములలో ఆటగాండ్ర చిత్రములను పోగుచేయుట పిల్లలకు గొప్ప వేడుక. బబుల్‌గమ్ పొట్లములతో అట్టి చిత్రములు లభించుచుండెను.

అప్పుడు నేను హిందూపురమున ఉపాధ్యాయుడనుగా ఉంటిని. నా తరగతిలో ధర్మవరమునకు చెందిన ఒక నేతగాని కుమారుడు ఉండెను. మేనమామ ఇంట ఉండి చదువుకొనుచు, సెలవులకు పెనుకొండ మీదుగా పోవు రైలులో ఇంటికి వెళ్లుచుండెడివాడు. అతనియొద్ద కపిల్ దేవ్ చిత్రమొకటి కలదు. దానిని ఇచ్చినవాడు అతని అన్న. ఆ అన్న అంతకు ముందటి యేడు జ్వరముతో మరణించెను. అట్ట వెనుక “తమ్మునికి” అని సిరాతో వ్రాసియుండెను.

ఒకనాడు తోటి విద్యార్థి ఆ చిత్రమునకు పది రూపాయలు ఇత్తుననెను. నోటుపుస్తకములు కొనవలసియున్నందున బాలుడు ఒప్పుకొనెను. కొనువాడు అట్టను త్రిప్పి చూచి, “దీనిపై వ్రాత పడినది, మూలలును నలిగినవి. ఒక్క రూపాయి మాత్రమే ఇత్తును” అనెను. బాలుడు కన్నీటితో నాయొద్దకు వచ్చి, “అయ్యవారూ! మా అన్న చేతివ్రాత ఉన్నందుకు వెల తగ్గునా?” అని అడిగెను.

తగ్గును. అది కొనువాని తప్పు కాదు. ఇట్టి వస్తువుల వెలను ముఖ్యముగా మూడు విషయములు నిర్ణయించును: వస్తువు ఎంత అరుదైనది, ఎంత చెడకుండ ఉన్నది, దానిని కోరువారు ఎందరు. అమెరికాలో 1909 మొదలు 1911 వరకు సిగరెట్టు పెట్టెలలో బేస్‌బాల్ ఆటగాండ్ర చిత్రములను ఉంచిరి. వానిలో హోనస్ వాగ్నర్ చిత్రము బహుకొలదిగా మాత్రమే వెలువడినది. అందుచేత 2022లో అట్టి చిత్రమొకటి 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయెను. ఆ దేశమునందే 1980 తరువాతి దశకమున ఇట్టి చిత్రములను లెక్కకు మించి అచ్చువేసిరి. ముందు ముందు ధనవంతులము కాగలమని అనేకులు వానిని పెట్టెలలో భద్రపరచిరి. అందరును దాచినందున అవి అరుదు కాలేదు, వెల పడిపోయెను.

మన సీమలోను ఈ భేదము కానవచ్చును. ధర్మవరపు పట్టుచీర పాతబడినప్పుడు, పాత చీరలు కొను వర్తకుడు దాని జరీలోని వెండిని చూచును. దానిని కట్టుకొని పెండ్లిపీటలపై కూర్చున్న తల్లికి ఆ చీర వెండి కాదు. 1565లో తళ్లికోట యుద్ధమైన పిదప పెనుకొండ విజయనగర ప్రభువులకు రాజధాని యయ్యెను. ఆ ప్రభువుల కాలపు బంగారు వరహాను కంసాలి తూచి, సుమారు 3.4 గ్రాముల బంగారమనును. నాణెములు సేకరించువాడు దానిపైనున్న ముద్రను చూచి హెచ్చు వెల ఇచ్చును. చరిత్రకారునకు అది ఒక రాజ్యపు సాక్ష్యము. కరగించినచో బంగారము మిగులును, సాక్ష్యము నశించును.

నేను ఆ బాలునితో ఇట్లంటిని: “నాయనా! ఏ సిరా వెలను తగ్గించెనో ఆ సిరాయే నీకు విలువను కలిగించినది. అతడు మీ అన్నను ఎరుగడు. ఎరుగని ప్రేమకు అతడు ధనమెట్లు చెల్లించును? నీ అవసరము నిజమైనదే. కాని నీయొద్ద రెండేసి ఉన్న చిత్రములు కలవు గదా! వానిని అమ్ముము.” అతడు అట్లే చేసెను. వచ్చిన ధనముతో నోటుపుస్తకములు కొన్ని కొనుక్కొనెను. కపిల్ దేవ్ చిత్రము అతని పుస్తకమునందే నిలిచెను.

కనుక విద్యార్థులారా! దేనినైనను అమ్మునప్పుడు అంగడి వెలను తెలిసికొనుడు, లేనిచో మోసపోవుదురు. దేనినైనను అమ్మదలచినప్పుడు ముందుగా దాని విలువను తలచుకొనుడు. లేనిచో పిదప పశ్చాత్తాపపడుదురు. మీ ఇంట పెద్దలు దాచిన వస్తువు ఏదైన ఉన్నచో, అది ఎవరిది, ఎట్లు వచ్చినది అని వారిని అడిగి ఒక కాగితమున వ్రాసి దానితో ఉంచుడు. కథ తెలిసినవారు లేనినాడు, వస్తువునకు వెల మాత్రమే మిగులును.