చెరువుగట్టు నుంచి సముద్రపు రాతి మీదికి

మాది మిట్టేమరి. బాగేపల్లి తాలూకా. 2007 దాకా కోలారు జిల్లా, ఆ తరువాత చిక్కబళ్ళాపుర జిల్లా. కర్ణాటకంలో ఉన్నామన్న మాటే గాని ఇంట్లో, వీధిలో, సంతలో అంతా తెలుగే. కన్నడం బడిలో నేర్చుకున్నాం. సముద్రాన్ని గురించి మాత్రం ఎక్కడా నేర్చుకోలేదు. చూడాలంటే మదరాసుకో మంగళూరుకో పోవాలి. మాకు నీళ్ళంటే చెరువు నీళ్ళే, అదీ వాన కరుణించిన ఏడు.

చెరువు నిండిన ఏడు పిల్లకాయలందరికీ గాలాల పండగ. వెదురు కర్ర, దారం, జొన్నదంటు బెండు, అంతే సరంజామా. ఎరకు తడిమట్టిలో తవ్విన ఎర్రలు. అవి దొరక్కపోతే రాత్రి మిగిలిన రాగి సంగటిని చిన్న ఉండలు చేసి గుచ్చేవాళ్ళం. జెల్లలూ పరిగెలూ పడేవి. కొరమీను పడిందంటే ఊరేగింపే! అమ్మ చెప్పే జాగ్రత్త ఒక్కటే: "గట్టు దిగొద్దురా." గట్టు మీద ఉన్నంతసేపు నీళ్ళు మనల్ని ఏమీ చెయ్యవు.

ఆ మాట నమ్ముకునే 2009లో సిడ్నీ వచ్చాను. ఆ నమ్మకమే 2014లో నా ప్రాణం మీదికి తెచ్చింది.

ఏప్రిల్ నెల, ఆదివారం ఉదయం. నేనూ, నెల్లూరు మిత్రుడొకడూ మలబార్ దగ్గర రాతి అంచుకు వెళ్ళాం. మలబార్ అంటే కేరళ వాళ్ళెవరో పెట్టిన పేరనుకున్నాను. కాదట. 1931 ఏప్రిల్ 2న మలబార్ అనే ఓడ అక్కడి రాళ్ళకు కొట్టుకుని నాశనమైంది. దాని పేరే ఊరికి వచ్చింది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఇంకాస్త భయభక్తులతో దిగేవాళ్ళమేమో.

ఆకాశం నిర్మలంగా ఉంది. గాలి లేదు. సముద్రం మా ఊరి చెరువంత నెమ్మదిగా ఉంది. బల్లపరుపుగా ఉన్న రాతి చివర నిలబడి, రొయ్య ముక్క గుచ్చి గాలం వేశాం. మా కాళ్ళ కింద రాయి తడిగా, నల్లగా ఉంది. ఎండ వస్తోంది, వాన పడలేదు, మరి రాయి ఎందుకు తడిగా ఉందని ఇద్దరిలో ఒక్కడికీ అనుమానం రాలేదు. గంట గడిచింది. నేను ఎర మార్చడానికి సముద్రానికి వీపు పెట్టి బక్కెట్టు మీదికి వంగాను. వెనక ఎత్తు మీద చేపలు పట్టుకుంటున్న ముసలాయన ఎవరో గట్టిగా అరిచాడు. తల ఎత్తేలోగా నడుము దాకా నీళ్ళు. నేను బండ సందులో చేతులు పెట్టి పట్టుకున్నాను. మిత్రుడు పడ్డాడు. తిరిగి వెళ్తున్న నీరు అతన్ని రెండు బారల దూరం ఈడ్చుకుపోయి ఒక గుంటలో వదిలింది. అదృష్టం. ఆ గుంట లేకపోతే అంచే. రాతికి అంటుకున్న ఆల్చిప్పల మీద రాసుకుని అతని పిక్క తురిమినట్టు లేచిపోయింది. బక్కెట్టు, సంచి, కర్రలు అన్నీ సముద్రం పాలు.

ఆ ముసలాయన గ్రీసు దేశస్థుడు. మమ్మల్ని పైకి లాగి, నీళ్ళు తాగించి, అడిగిన ప్రశ్న ఒకటే: దిగేముందు ఎంతసేపు చూశారని. చూడటమేమిటన్నాం. "నేను అరగంట చూశాను. మీరు నిలబడ్డ చోటికి అల రెండుసార్లు వచ్చింది. అప్పటికి మీరింకా కారు దిగలేదు" అన్నాడు.

నెల్లూరు వాడైనా నా మిత్రుడికి తెలిసింది ఇసుక ఒడ్డు. ఇసుక మీద అల వాలుగా ఎక్కుతూ బలం పోగొట్టుకుంటుంది. ఇక్కడి రాతి అంచు కింద నీరు ఒక్కసారిగా లోతు. అల దారిలో ఎక్కడా అలసిపోకుండా నేరుగా వచ్చి రాతిని గుద్ది పైకి లేస్తుంది. పైగా ఆ అల పుట్టింది సిడ్నీలో కాదు. దక్షిణాన ఎక్కడో, మనకు వందల వేల మైళ్ళ దూరంలో తుపాను వస్తే దాని అలలు రెండు మూడు రోజులు ప్రయాణం చేసి ఇక్కడికి చేరతాయి. అందుకే ఇక్కడ గాలి లేకపోయినా, ఎండ కాస్తున్నా పెద్ద అలలు ఉండవచ్చు. అవి గుంపులుగా వస్తాయి. రెండు గుంపుల మధ్య పది పదిహేను నిమిషాలు సముద్రం నిద్రపోతున్నట్టుంటుంది. మనం దిగేది ఆ నిద్ర చూసే.

వాతావరణ శాఖ వారు తీర జలాల సూచనలో చెప్పే అల ఎత్తును కూడా జాగ్రత్తగా చదువుకోవాలి. 2 మీటర్లు అంటే అన్నీ 2 మీటర్లని కాదు. అన్నిటికన్నా పెద్దవైన మూడో వంతు అలల సగటు అది. ఒక్కొక్కటి అందుకు రెట్టింపు కూడా రావచ్చు. అలకూ అలకూ మధ్య ఎన్ని సెకన్లో కూడా చూడాలి. 6 సెకన్ల అల కన్నా 14 సెకన్ల అల, ఎత్తు ఒకటే అయినా, చాలా బలమైనది. పాటు, పోటు వేళలు సరేసరి. ఉదయం పాటులో పొడిగా ఉన్న రాయి మధ్యాహ్నం పోటుకు నీళ్ళలో ఉండవచ్చు. తిరిగి వచ్చే దారి మధ్యలో పల్లం ఉంటే ముందు మునిగేది అదే.

ఆ తరువాత ఏడాది పాటు కర్ర ముట్టలేదు. మా ఆవిడ ముట్టనివ్వలేదు అనడం నిజం. అమ్మకు ఫోనులో చెబితే, "చేపల కోసరం ప్రాణం మీదికి తెచ్చుకుంటావేమిరా, బజారులో దొరకవా?" అంది. దొరుకుతాయి. కాని గాలం వేసి కూర్చున్నప్పుడు నేను మళ్ళీ మా చెరువుగట్టు మీద ఉంటాను. ఆ సంగతి బజారు వాడికేం తెలుసు?

ఆ మీదట మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాను. ఇప్పుడు ఒంటరిగా వెళ్ళను. ముగ్గురం ఉంటే మంచిది. ఎక్కడికి వెళ్తున్నామో, ఎన్నింటికి వస్తామో ఇంట్లో చెప్పి వెళ్తాను. పైన పొడి రాతి మీద కూర్చుని అరగంట సముద్రాన్ని చూస్తాను. నల్లగా, తడిగా ఉన్న రాయి అంటే అల అక్కడికి వస్తోందని అర్థం. నాచు పట్టి జారుతుందని కూడా. అడుగున చిన్న మేకులున్న చెప్పులు వేసుకుంటాను. ఎర గుచ్చుకునేటప్పుడు కూడా సముద్రం వైపు తిరిగే ఉంటాను. అన్నిటికన్నా ముఖ్యం లైఫ్ జాకెట్. న్యూ సౌత్ వేల్స్‌లో 2016లో రాతి మీద చేపలు పట్టేవారి కోసం ప్రత్యేకంగా చట్టమే చేశారు. మొదట అమలు చేసింది మలబార్, మరూబ్రా ఉన్న రాండ్విక్ ప్రాంతంలోనే. ఏడాది పాటు హెచ్చరికలతో సరిపెట్టి, తరువాత జాకెట్ లేనివారికి 100 డాలర్ల జరిమానా మొదలుపెట్టారు. మీరు వెళ్ళే చోట చట్టం ఉన్నా లేకున్నా జాకెట్ వేసుకోండి. ఈత వచ్చు కదా అంటారు మనవాళ్ళు. బావిలో నేర్చుకున్న ఈత రాళ్ళ మధ్య నురగలో పనికిరాదు.

పొరబాటున పడితే? ఎవరికైనా మొదట తోచేది పడిన రాయే మళ్ళీ ఎక్కాలని. అలా ప్రయత్నిస్తే అల తీసుకెళ్ళి అదే రాతికి కొడుతుంది. రాళ్ళకు దూరంగా, నురగ లేని నీళ్ళలోకి వెళ్ళి తేలుతూ సాయం కోసం ఎదురుచూడాలి. ఒడ్డున ఉన్నవాడు వెంట దూకకూడదు. అన్నదమ్ములూ తండ్రీకొడుకులూ ఇలాగే జంటగా పోతారు. చాలా చోట్ల స్తంభానికి తగిలించిన ఏంజెల్ రింగ్ ఉంటుంది. వెళ్ళగానే అది ఎక్కడుందో చూసిపెట్టుకోండి. దాన్ని విసరాలి. లేకపోతే తేలేదేదైనా, ఐసుపెట్టె అయినా సరే. వెంటనే 000కి ఫోను.

కొత్తవారు అసలు రాళ్ళతో మొదలుపెట్టవద్దని నా సలహా. హార్బరు లోపల క్లిఫ్టన్ గార్డెన్స్ వంతెన ఉంది. పిల్లలూ పెద్దలూ అక్కడే గాలం పట్టడం, ముడి వెయ్యడం నేర్చుకోవచ్చు. 18 ఏళ్ళు దాటినవారు ముందే ప్రభుత్వానికి రుసుము కట్టి రసీదు దగ్గర ఉంచుకోవాలి. బ్రీమ్ 25 సెంటీమీటర్లు, టైలర్ 30 సెంటీమీటర్లు లేకపోతే నీళ్ళలో వదిలెయ్యాలి. పిల్లలు రాతి గుంటల్లో చేతులు పెట్టకుండా చూడండి. అక్కడ నీలి ఉంగరాల చిన్న ఆక్టోపస్ ఉండవచ్చు, దాని విషానికి విరుగుడు మందు లేదు.

పులుసు పెట్టుకోవాలనుకునేవారికి ఇంకొక మాట. హార్బరు బ్రిడ్జికి పడమట పట్టిన చేపలు తినవద్దని ప్రభుత్వ సలహా. తూర్పున పట్టినవైనా చాలా కొద్దిగానే తినమంటారు. రోడ్స్ దగ్గర యూనియన్ కార్బైడ్ వారి రసాయనాల ఫ్యాక్టరీ ఉండేది, మనకు భోపాల్‌తో తెలిసిన పేరే. అక్కడి డయాక్సిన్ హార్బరు అడుగు బురదలో చేరింది. 2006లో హార్బరులో వ్యాపారానికి చేపలు పట్టడం ఆపేశారు. చూస్తే నీళ్ళు అద్దంలా ఉంటాయి. మా బాగేపల్లి వైపు బోరు నీళ్ళూ అంతే, చూపుకు తెల్లన, లోపల ఫ్లోరైడు.

మా అబ్బాయికి ఇప్పుడు 14 ఏళ్ళు. రాతి మీదికి తీసుకెళ్ళమని రెండేళ్ళుగా పోరు. మొన్న మార్చిలో తీసుకెళ్ళాను, ఆ మలబార్‌కే. మిత్రుడూ వచ్చాడు; పిక్క మీద మచ్చ వాడికి చూపించాడు. ముగ్గురం జాకెట్లు వేసుకుని పైన కూర్చున్నాం. చూసే పని అబ్బాయికి అప్పగించాను. వాడు గడియారం పెట్టుకుని లెక్కపెట్టాడు. పదిహేను నిమిషాలు ఏమీ లేదు. "దిగుదామా అన్నా?" అన్నాడు మిత్రుడు, నా వంక చూస్తూ. నేను పలకలేదు. ఇరవై రెండో నిమిషంలో ఒక అల, వెంటనే ఇంకొకటి, మేము ఆనాడు నిలబడ్డ రాతిని ఈ చివర నుంచి ఆ చివర దాకా కడిగిపోయాయి.

అబ్బాయి లేచి బక్కెట్టు తీసుకుని కారు వైపు నడిచాడు. క్లిఫ్టన్ గార్డెన్స్‌కు వెళ్ళాం. రెండు బ్రీములు పడ్డాయి. కొలిస్తే ఒకటి 22, ఒకటి 24. వదిలేశాం. ఎర అయిపోతే, ఇంట్లో మిగిలిన సంగటి తెచ్చి ఉంటే బాగుండేదన్నాడు వాడు.