మంచు మీది రాళ్లాటలో మేటి – కాలీన్ జోన్స్

చీపురు చేతబట్టి రెండు మాఱులు ప్రపంచ విజయమును, ఆరు మాఱులు స్వదేశ విజయమును గడించిన స్త్రీ యొకతె కలదనిన మన సోదరీమణులు నవ్వుదురేమో! అయినను ఇది సత్యము. ఆమె పేరు కాలీన్ జోన్స్. కెనడా దేశమున తూర్పు సముద్రతీరమందలి హాలిఫాక్సు పట్టణములో 1959 డిసెంబరున జన్మించి, 2025 నవంబరున 65 ఏండ్ల ప్రాయములో అర్బుదవ్యాధిచే దివంగతురాలయ్యెను. యౌవనమున ఆమె గెల్చినదానికంటె ఏబదియేండ్లు దాటిన పిదప గెల్చినదియే నాకు ముఖ్యముగ దోచినది. కాని యంతవఱకు పోవుటకు ముందు ఆ యాట యెట్టిదో చెప్పవలసి యున్నది. ఏలయన, మన దేశమున దాని నెఱిగినవారు బహు స్వల్పము.

దీనిని కర్లింగ్ అందురు. దీని పుట్టినిల్లు స్కాట్లండు. చలికాలమున చెఱువులు గడ్డకట్టగా, ఆ గడ్డపై రాళ్లను జార్చి యాడుకొనుట యచ్చట సుమారు అయిదు వందల యేండ్లుగా నున్నది. 1511 అని సంవత్సరము చెక్కిన రాయి యొకటి యచ్చట దొరకినది. స్కాట్లండువారు కెనడాకు వలసపోవుచు తమ యాటను గూడ వెంట గొనిపోయిరి. 1807లోనే మాంట్రియలు పట్టణమున దీనికై యొక సంఘ మేర్పడెను. ఇప్పుడు చెఱువులతో పని లేదు. పెద్ద పెద్ద మందిరములలో యంత్రముల సాయమున మంచును పఱచుచున్నారు.

నూటయేబది యడుగుల పొడవుగల ఆ మంచుబాట చివర ఒకదానిలో నొకటిగా వృత్తములు గీయబడి యుండును. వెలుపలి వృత్తము పండ్రెండడుగుల వెడల్పు. దానికి వారు పెట్టిన పేరు ‘ఇల్లు’. ఒక్కొక్క పక్షమున నలుగురు. తలకు రెండేసి రాళ్లు. రాయి యనిన గులకరాయి కాదు: నున్నగా చెక్కి, పైన పిడి బిగించిన నల్లరాతి గుండు, సుమారు ఇరువది కిలోగ్రాముల బరువు. మేలురకపు రాయి స్కాట్లండు చెంతనున్న ఎయిల్సా క్రెయిగ్ అను చిన్న ద్వీపమునుండి వచ్చును. ఆ గుండును మంచుపై జార్చి ఇంటి నడిబొడ్డునకు చేర్చవలెను. మన పిల్లలు గోలీలాటలో ఎదుటివాని గోలీని కొట్టి తొలగించునట్లే, ఎదుటివారి రాతిని కొట్టి వెలుపలికి నెట్టనూవచ్చును. పదునాఱు రాళ్లును పోయినపిమ్మట ఎవరి రాయి నడిమికి దగ్గఱగా నున్నదో వారికే లెక్క. ఇట్లు పది యావృత్తులు జరుగును.

ఇక చీపురు సంగతి. ఆ మంచు అద్దమువలె నునుపుగా నుండదు. దానిపై సన్నని నీటి తుంపరలు చల్లి చిన్న చిన్న బొడిపెలు కట్టునట్లు చేయుదురు. రాయి పోవుచుండగా దాని ముందర ఇద్దఱు పరుగిడుచు చీపుళ్లతో మంచును వడివడిగా రుద్దుదురు. రాపిడి వేడికి మంచు పైపొర రవంత మెత్తబడి, రాయి మఱికొంత దూరము, మఱికొంత తిన్నగా పోవును. ఈనాటి చీపురు చివర గుడ్డ బిగించిన కుంచెవంటిది. పూర్వము నిజముగ పుల్లల చీపురే. ఎప్పుడు ఊడ్వవలెనో, ఎప్పుడు మానవలెనో ఆవలి చివర నిలిచిన నాయకురాలు కేకవేసి చెప్పును. మన యింట అన్నింటికంటె తక్కువగా నెంచబడు పని అచ్చట వేలకొలది జనము టికెట్టు కొని చూచు పనియైనది!

కాలీన్ ఆటకు మేఫ్లవరు సంఘము తావైనది. 1912లో టైటానిక్ ఓడ మునిగినప్పుడు సముద్రమునుండి తీసిన మృతదేహములను హాలిఫాక్సునకే తెచ్చిరి. అప్పుడు చల్లనిది, విశాలమైనది యని ఈ సంఘమువారి నాటి యాటమందిరముననే వానిని భద్రపఱచి, బంధువులు వచ్చి గుర్తించుట కేర్పాటు చేసిరి. అట్టి పాత సంఘము. కాలీన్ అక్కచెల్లెండ్రతో గూడ నాడెను. 1982లో ఆమె తొలిసారి కెనడా స్త్రీల విజయమును గడించినపుడు జట్టులోని నలుగురిలో మోనికా, బార్బరా యను నిద్దఱు ఆమె తోబుట్టువులే. అప్పటికి కాలీన్ వయస్సు 22. అంత చిన్నవయస్సున నాయకురాలై ఆ విజయము నందినవారు అంతకుముందు లేరు.

ఇంత చిన్ననాడే గెల్చినది గదా, ఇక వరుసగా గెల్చుచు పోయెనని తలంతురేమో. అట్లు జరుగలేదు. రెండవ విజయమునకు పదునేడు సంవత్సరములు పట్టెను. ఆ నడుమ ఆమె ఊరక కూర్చుండలేదు. తన నోవా స్కోషియా రాష్ట్రమున గెల్చి దేశపు పోటీకి పోవుట, అచ్చట ఓడి తిరిగి వచ్చుట – ఇదియే వాడుకయైనది. ఆ కాలముననే వివాహమయ్యెను, ఇద్దఱు కుమారులు కలిగిరి. 1986లో సి.బి.సి. అను కెనడా జాతీయ ప్రసారసంస్థయందు చేరి, ఉదయపు టెలివిజను ప్రసారములలో వాతావరణమును, క్రీడావార్తలను దేశమునకు వినిపించుచు వచ్చెను. పసిబిడ్డల తల్లి తెల్లవారగనే కొలువునకు పోయి, తీరిక చిక్కినప్పుడు మంచుమీద రాళ్లు జార్చుట యెంత కష్టమో చెప్పనక్కఱలేదు. ఈ యాట కెనడాలో చాలకాలము జీతముగల వృత్తి కాదు. ఆడువారందఱును ఉద్యోగములు, సంసారములు నిర్వహించుకొనుచు మిగిలిన వేళలలోనే యాడిరి.

భర్త స్కాట్ సాండర్సు గూడ ఈ యాట యాడువాడే. స్త్రీపురుషులు కలసి యాడు మిశ్రమ పోటీయందు 1993లో ఈ దంపతులిరువురు ఒకే జట్టున నాడి దేశవిజయము నందిరి. ఆ జట్టునకు నాయకుడు భర్త. స్త్రీల జట్టునకు నాయకురాలు భార్య. ఎవరి మాట ఎచ్చట చెల్లవలెనో ముందుగానే తేల్చుకొన్న యిల్లు! 1999లో మఱొక జట్టుతో ఆమెకు మిశ్రమ విజయము రెండవసారి లభించెను.

ఆ 1999 ఆమె జీవితమున మలుపు. కిమ్ కెల్లీ, మేరీ-ఆన్, నాన్సీ డెలహంట్ అను మువ్వురు ఆమెకు తోడుగ నిలిచిరి. కెన్ బాగ్నెల్ శిక్షకుడు. ఈ జట్టు 1999లో దేశవిజయము గడించెను. పిమ్మట 2001, 2002, 2003, 2004 – వరుసగా నాలుగేండ్లు! అంతవఱకు ఏ జట్టును అట్లు చేయలేదు. 2001లో స్విట్జర్లండు దేశపు లోజాన్ నగరమున ప్రపంచ విజయము. 2002లో ప్రపంచపోటీయందు పతకమే దక్కలేదు. 2003లో స్వదేశమందలి విన్నిపెగ్ నగరమున కడపటి యాటలో అమెరికావారికి ఓడిరి. 2004లో స్వీడను దేశపు యెవ్లె పట్టణమున మఱల ప్రపంచ విజయము. ఆటవేళ ఆమె చూయింగ్ గమ్ములను విరామము లేక నములుచుండుట చూచి జనము నవ్వుకొనెడివారు. ఆమె యాట మాత్రము తొందర లేనిది. ఎదుటివారి రాయి ఇంట చేరిన వెంటనే కొట్టి తీసివేయుట, చిక్కులు పెరుగనీయకుండుట, ఎదుటివారు తప్పుచేయువఱకు ఓర్పుతో వేచియుండుట – ఇదియే ఆమె పద్ధతి. సాహసపుటాట చూడగోరువారికి ఇది కొంత చప్పగా నుండునని యొప్పుకొనవలెను. చప్పనిదైనను ఆరు విజయములు తెచ్చినది.

ఒక కోరిక మాత్రము తీరలేదు. 1998లో జపానులోని నాగానో ఒలింపిక్సునుండి ఈ యాటలో స్త్రీలకు పతకములిచ్చుట ప్రారంభమైనది. కెనడానుండి పోవలెననిన ముందుగా దేశములోని మేటిజట్లతో పోటీపడి గెలువవలెను. 2001లో రెజైనా నగరమున జరిగిన పోటీలో ప్రపంచ విజేతయైన కాలీన్ గెలువలేకపోయెను. కెల్లీ లా జట్టు పోయెను. 2005లో ఆ పోటీ ఆమె సొంత పట్టణమగు హాలిఫాక్సుననే జరిగెను. ఇరుగుపొరుగువారందఱు చూచుచుండగా అచ్చటను ఆశ ఫలింపలేదు. ఒలింపిక్సునకు ఆమె పోయినది విలేఖరిగనే. చేత చీపురునకు మాఱుగ మైకు పట్టుకొని, తనను దాటి వచ్చినవారి విజయములను సంతోషముగ దేశమునకు చెప్పెను. ఆ పని నోరు విప్పి చెప్పగలుగుటకు ఎంత మనస్సు కావలెను!

2006 తరువాత ఆ పాతజట్టు చెదరెను. 2010 చివర ఆమెకు మెదడు పొరలవాపు – మెనింజైటిస్ – సోకెను. ప్రాణాంతకమగు జబ్బు. ఆసుపత్రినుండి బ్రతికి బయటపడినపిమ్మట ఆమె మఱల మంచుమీదికి వచ్చెను. 2013లో కింగ్‌స్టన్ నగరమున జరిగిన స్త్రీల దేశపుపోటీకి పోయెను. అది ఆమెకు ఇరువదియొకటవది. మొదటిది 1979లో. ఈ మాఱు నాయకురాలు తాను కాదు, ఒకనాడు తన క్రింద ఆడిన మేరీ-ఆన్. ఆరు మాఱులు జట్టును నడపి గెలిపించిన స్త్రీ, తన చేతిక్రింద పెరిగినదాని కేకకు తలయొగ్గి యాడుట! అత్తకోడండ్ర కాపురములు చూచిన మనకు దీనియందలి పెద్దఱికము చక్కగ తెలియును. 2015లో ఆమె తన జీవితకథను గ్రంథముగ వెలువరించెను. పేరు ‘త్రోయింగ్ రాక్స్ ఎట్ హౌసెస్’, అనగా ఇండ్లమీదికి రాళ్లు రువ్వుట. పైన చెప్పిన ‘ఇల్లు’ ఏదో ఎఱిగినవారికి ఈ పేరులోని చమత్కారము బోధపడును.

ఇప్పుడు నే నసలు చెప్పదలచిన సంగతికి వచ్చుచున్నాను. ఈ యాటయందు ఏబదియేండ్లు నిండినవారికి వేఱుగ పోటీలు కలవు, దేశమునకును, ప్రపంచమునకును. మన యిండ్లలో ఏబది దాటిన స్త్రీని ‘ఇంకేమున్నది, కృష్ణా రామా యనుకొనుచు మూల కూర్చుండుము’ అందురు. కోడలు వచ్చినదనిన తాళపుచెవులతోపాటు తన యిష్టములను గూడ అప్పగించినవా రెందఱో. ఆ మంచుమీద అట్లు కాదు. పెద్దలకని రాయి బరువు తగ్గింపరు, బాట పొడవు కుదింపరు. ప్రపంచపోటీలో పది యావృత్తులకు మాఱుగ ఎనిమిది యాడింతురు, అంతియే. రాయి వదలునప్పుడు ఒక కాలు మడచి, మఱియొక కాలు వెనుకకు చాచి, నేలకు వంగి జారవలెను. మోకాళ్లనొప్పులవారికి అది యెట్టిదో వేఱుగ చెప్పనేల? వంగలేనివారు సంఘములలో పొడవైన కఱ్ఱతో రాతిని నెట్టి యాడుకొందురు. ఆ కఱ్ఱ పట్టి ఎనుబదియేండ్లవారును ఆడుట కలదు.

కాలీన్ తన పాతతోడివారిని మఱల కూడగట్టెను. కిమ్ కెల్లీ, నాన్సీ డెలహంట్ వచ్చిరి. మేరీ స్యూ రాడ్‌ఫర్డ్ నాలుగవది. 2016లో నోవా స్కోషియాలోనే సముద్రపుటొడ్డునగల డిగ్బీ యను చిన్నయూరిలో పెద్దల దేశవిజయమును వీరు గెల్చుకొనిరి. దేశమున గెల్చిన జట్టు మఱుసటి సంవత్సరము ప్రపంచపోటీకి పోవుట నియమము. 2017 ఏప్రిలులో ఆల్బర్టా రాష్ట్రపు లెత్‌బ్రిడ్జి పట్టణమున ఆ పోటీ జరిగెను. అచ్చటను బంగారు పతకము కాలీన్ జట్టుకే దక్కెను. అప్పటి కామెకు 57 ఏండ్లు. తొలి దేశవిజయమునకును దీనికిని నడుమ ముప్పదియైదు సంవత్సరములు గడచినవి.

సి.బి.సి. కొలువును ఆమె 2023 వఱకు విడువలేదు. కెనడా దేశపు క్రీడాప్రముఖుల మందిరమున ఆమె పేరు చేర్చినది 2016లో. అట్టి గౌరవము సాధారణముగ ఆట చాలించి యింట కూర్చున్నవారికి లభించును. కాలీన్ మాత్రము ఆ యేడే డిగ్బీలో గెల్చి, మఱుసటి వసంతమున తోడి మువ్వురితో లెత్‌బ్రిడ్జికి ప్రయాణము కట్టెను.