బాలనటి నుంచి నేపథ్యగాయనిగా: రావు బాలసరస్వతీదేవి

తెలుగు టాకీ తొలి దశాబ్దంలో బాలనటి అంటే ప్రధానంగా బాలగాయనియే. నేపథ్యగాన పద్ధతి ఇంకా రాలేదు కనుక పాత్రధారి తన పాటను తానే పాడుకోవలసి వచ్చేది. 1928లో జన్మించిన రావు బాలసరస్వతి, చిత్తజల్లు పుల్లయ్య బాలబాలికలతో తీసిన ‘సతీ అనసూయ’ (1936)లో గంగ పాత్ర ధరించడాన్ని ఈ నేపథ్యంలోనే అర్థం చేసుకోవాలి. నాలుగేళ్ల తరువాత గూడవల్లి రామబ్రహ్మం ‘ఇల్లాలు’లో సాలూరు రాజేశ్వరరావుతో కలిసి నటించారు. ఆ జంట లలితగీతాల రికార్డులకు సినిమాతో నిమిత్తం లేని ఆదరణ లభించింది.

ఆమె జీవితంలో కీలక ఘట్టం మాత్రం ‘భాగ్యలక్ష్మి’ (1943). భీమవరపు నరసింహారావు సంగీతంలో ఆమె కమలా కోట్నీస్‌కు పాడిన పాటను తెలుగులో తొలి నేపథ్యగీతంగా పరిగణిస్తారు. నటికి గాత్రమే అర్హతగా ఉన్న వ్యవస్థలో పెరిగిన గాయని గొంతే, పాడలేని నటికి తెరపై చోటు కల్పించింది. చరిత్రకారులు ‘తొలి’ అన్న బిరుదు దగ్గరే ఆగిపోవడం వల్ల ఈ వైచిత్రి మరుగునపడింది.

1944లో కొలంక రాజాతో వివాహమైంది. తెరపై ఆమె రూపం క్రమంగా కనుమరుగైనా గాత్రం నిలిచింది. ‘దేవదాసు’ (1953)లో చంద్రముఖి అభినయించిన క్షేత్రయ్య పదం బాలసరస్వతీదేవి పాడినదే.