కఠినమైన పథ్యంలో తేనె తీసుకోవచ్చా? ముందు దేన్ని, ఎందుకు మానేశారో చూసుకోండి

కంది పూతకు వచ్చిన రోజుల్లో బంట్వారం మండలంలోని ఒక రైతు వేదికలో కాయతొలుచు పురుగు గురించి చెబుతున్నాను. వెనక వరుసలో కూర్చున్న ఒక రైతు లేచి అడిగాడు: “సారూ, రెండు నెలల సంది డైట్ చేస్తున్న. అన్నం బంద్, జొన్న రొట్టె బంద్, చాయ్‌ల చక్కెర బంద్. పొద్దున నిమ్మరసంల మూడు చెంచాల తేనె కలుపుకొని తాగుత, అంతే. మరి షుగర్ ఎందుకు దిగుతలేదు?”

తేనె ఆయన చేను గట్టు మీదిదే. చక్కెర ఫ్యాక్టరీలో తయారైంది కాదు కాబట్టి అది పథ్యానికి అడ్డు రాదని ఆయన నమ్మకం. ఇదే ప్రశ్న తర్వాత ఇంకా చాలామంది అడిగారు. అందుకే వివరంగా రాస్తున్నాను. నేను వ్యవసాయం చదివినవాణ్ని, డాక్టర్‌ను కాదు. మీకు ఏ పథ్యం సరిపోతుందో చెప్పాల్సింది డాక్టరే. తేనెలో ఏముంది, అది ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నంత వరకు నేను చెబుతాను.

తేనెలో ఏముంది?

100 గ్రాముల తేనెలో సుమారు 80 గ్రాములు చక్కెరలే. 17 నుంచి 18 గ్రాములు నీరు. చక్కెరల్లో ఎక్కువ భాగం ఫ్రక్టోజ్ (దాదాపు 38 గ్రాములు), తర్వాత గ్లూకోజ్ (దాదాపు 31 గ్రాములు). మిగిలిన కొద్దిపాటి భాగంలో ఖనిజాలు, ఎంజైములు, పుప్పొడి ఉంటాయి.  కానీ పరిమాణంలో అవి చాలా తక్కువ.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. తేనె బరువైనది. ఒక చిన్న చెంచా తేనె 7 గ్రాములు తూగుతుంది, అందులో 5 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. అదే చెంచాతో తలకొట్టి తీసిన పంచదార 4 గ్రాములే. అంటే చెంచాకు చెంచా లెక్క వేస్తే తేనెలోనే చక్కెర ఎక్కువ. పైన చెప్పిన రైతు రోజూ పొద్దున్నే 16 గ్రాముల దాకా చక్కెర తాగుతున్నట్టే. అది పెద్ద చెంచా అయితే దానికి మూడింతలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా తేనెను పంచదారతో పాటే లెక్కగట్టింది. రోజుకు 2000 కేలరీల ఆహారం తీసుకునే వ్యక్తికి ఇలాంటి చక్కెరలన్నీ కలిపి 50 గ్రాములు దాటకూడదని, 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మంచిదని చెప్పింది. బెల్లానిదీ ఇదే లెక్క.

ఏ పథ్యంలో ఇముడుతుంది?

మన దగ్గర “డైట్” అనే ఒక్క మాటతో మూడు వేర్వేరు పద్ధతులను పిలుస్తున్నాం. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

1. పిండి పదార్థాలు, చక్కెర మానేసే పథ్యం. వీరమాచనేని రామకృష్ణ గారు ప్రచారం చేసిన పద్ధతి ఈ కోవలోది. అన్నం, గోధుమ, చక్కెర ఆపేసి, కొవ్వు, నిమ్మకాయలు, నీళ్లతో నడిపే పథ్యం అది. ఇలాంటి పథ్యానికి పునాదే ఒంట్లోకి చక్కెర రాకుండా చూడటం. కాబట్టి తేనెకు ఇందులో చోటు లేదు. అన్నం మానేసి తేనె తాగితే, ముందు తలుపు మూసి దొడ్డి తలుపు తెరిచి పెట్టినట్టే.

2. ఉప్పు, నూనె, పంచదార లేని ప్రకృతి ఆహారం. మంతెన సత్యనారాయణ రాజు గారి పద్ధతి ఇలాంటిది. అందులో తేనె నిమ్మరసం నీళ్లకు చోటుంది. నియమం ప్రకారం ఇక్కడ తేనె తీసుకోవచ్చు. కానీ నియమం ఒప్పుకున్నంత మాత్రాన షుగర్ ఉన్నవారి ఒళ్లు ఒప్పుకోదు. షుగర్ జబ్బు ఉంటే ఈ పద్ధతిలో కూడా తేనెను చక్కెర లెక్కలోనే వేసుకోవాలి.

మొదటి పద్ధతి చేస్తూ రెండో పద్ధతిలోని తేనె నీళ్లు తాగడం చాలామంది చేస్తున్న పొరపాటు. మా రైతు చేసింది కూడా అదే.

3. డాక్టర్ పెట్టే పరీక్ష పథ్యం. ఏ ఆహారం పడటం లేదో కనిపెట్టడానికి కొన్నింటిని పూర్తిగా ఆపి, ఆ తర్వాత ఒక్కొక్కటిగా తిరిగి ఇచ్చి చూస్తారు. ఇందులో తేనె సంగతి జబ్బును బట్టి మారుతుంది.

కడుపు ఉబ్బరం, నొప్పి, మాటిమాటికి విరేచనాలు ఉన్న కొందరికి ఆస్ట్రేలియాలోని మొనాష్ యూనివర్సిటీ రూపొందించిన పథ్యం పెడతారు. పేగులో సరిగా ఇంకకుండా పులిసి గ్యాస్ చేసే పదార్థాలను 2 నుంచి 6 వారాలు ఆపుతారు. తేనెలో గ్లూకోజ్ కంటే ఫ్రక్టోజ్ ఎక్కువ కాబట్టి ఈ పథ్యంలో తేనె వద్దు. విచిత్రం ఏమిటంటే, కొద్దిగా పంచదారను ఇదే పథ్యం ఒప్పుకుంటుంది. తేనె ఎప్పుడూ పంచదార కంటే మేలే అనుకునేవారు ఇది గమనించాలి.

పాలు, గోధుమ, గుడ్డు, సోయా, పల్లీ లాంటివి ఆపి చూసే అలర్జీ పథ్యంలో అయితే తేనెను సాధారణంగా ఆపరు. కానీ తేనెలో పుప్పొడి ఉంటుంది. తేనె తిన్నాక ఎప్పుడైనా నోరు దురద పెట్టినా, దద్దుర్లు వచ్చినా డాక్టర్‌కు ముందే చెప్పండి. గొంతు వాచి ఊపిరి ఆడని అనుభవం ఒక్కసారి ఉన్నా సరే, ఇంట్లో మళ్లీ తిని చూసే ప్రయత్నం చేయవద్దు.

పరీక్ష పథ్యంలో ఉన్నప్పుడు తేనె దాగి ఉండే చోట్లు కూడా చూసుకోండి. చ్యవనప్రాశ, కొన్ని లేహ్యాలు, దగ్గు సిరప్‌లలో తేనె ఉంటుంది.

తేనె మందుగా పనిచేసే సమయం

షుగర్ మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడుతూ డాక్టర్‌ను అడగకుండా అన్నం, రొట్టె ఒక్కసారిగా ఆపేయడం తేనె తాగడం కంటే ప్రమాదం. తిండి తగ్గినా మందు మోతాదు పాతదే ఉంటుంది. ఖాళీ కడుపుతో చేనుకు పోయి పని చేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చేతులు వణకడం, చెమటలు పట్టడం, గుండె దడ, కళ్లు తిరగడం దీని గుర్తులు.

అప్పుడు పథ్యం పక్కన పెట్టండి. ఒక పెద్ద చెంచా తేనె గాని, మూడు చిన్న చెంచాల పంచదార కలిపిన నీళ్లు గాని వెంటనే తీసుకోవాలి. 15 నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ ఒకసారి తీసుకోవాలి. తేరుకున్నాక ఏదైనా తినాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

ఒక హెచ్చరిక. పురుగు మందు కొడుతున్నప్పుడు చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మందు విషం వల్ల కూడా రావచ్చు. అలాంటప్పుడు తేనె తాగి కూర్చోకుండా, బట్టలు మార్చి, ఒళ్లు కడిగి, మందు డబ్బా పట్టుకొని దవాఖానకు పోవాలి.

ఏ తేనె తినాలి?

మందు కొట్టిన చేనులో గాని, దాని పక్క గట్టు మీద గాని ఉన్న తుట్టె తేనెను ఆ పంట కాలంలో తినకండి. పరీక్ష పథ్యంలో ఉన్నవారు అసలే తినవద్దు. దేని వల్ల ఇబ్బంది వచ్చిందో తేల్చలేరు. పూత మీద మందు కొట్టక తప్పకపోతే, ఈగలు తుట్టెకు చేరుకున్న తర్వాత సాయంత్రం పూట కొట్టండి.

సీసా తేనె అయితే కల్తీ భయం ఉంది. 2020 డిసెంబరులో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 13 బ్రాండ్లను పరీక్ష చేయిస్తే అన్ని పరీక్షల్లో నెగ్గినవి 3 మాత్రమే. నీళ్లలో వేసి చూడటం, వత్తికి పూసి వెలిగించడం, చీమలు పడతాయా అని చూడటం లాంటి ఇంటి పరీక్షలను నమ్మవద్దు. తేనె గడ్డకట్టి పలుకులైతే కల్తీ అని కూడా అనుకోవద్దు. మంచి తేనె కూడా గడ్డ కడుతుంది. తెలిసిన పెంపకందారు దగ్గర కళ్ల ముందు తీసిన తేనె కొనడం మేలు.

చంటిబిడ్డకు వద్దు

పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం మన ఇళ్లల్లో ఉన్నదే. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా వద్దు. తేనెలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు పసి పేగులో మొలకెత్తి, నరాలను చచ్చుబరిచే విషాన్ని తయారు చేయగలవు. తేనె ఎంత స్వచ్ఛమైనదైనా ఈ ప్రమాదం ఉంటుంది.

గుర్తుంచుకోవలసినవి

• చక్కెర, పిండి పదార్థాలు మానేసే పథ్యంలో తేనె వద్దు.
• ప్రకృతి ఆహారంలో తేనె ఉన్నా, షుగర్ ఉన్నవారు దాన్ని చక్కెరగానే లెక్కించాలి.
• కడుపు జబ్బుకు పెట్టే పరీక్ష పథ్యంలో తేనె ఆపాలి. డాక్టర్ తిరిగి మొదలు పెట్టమన్నప్పుడు కొంచెంతో మొదలుపెట్టి, ఆ మూడు రోజులు వేరే కొత్త పదార్థం ఏదీ కలపకుండా గమనించాలి.
• మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టర్‌ను కలిసి మోతాదు సరిచేయించుకున్నాకే పథ్యం మొదలు పెట్టాలి.

ఆ రైతు ఇప్పుడు పొద్దున తేనె నీళ్లు మానేశాడు. దవాఖానకు పోయి మాత్రల మోతాదు మార్పించుకున్నాడు. కానీ తేనె సీసాను పారేయలేదు. చేనుకు పోయేటప్పుడు సద్ది సంచిలో చిన్న సీసాలో వెంట పెట్టుకుంటున్నాడు. తాగడానికి కాదు, షుగర్ పడిపోతే ఆదుకోవడానికి. మీరు కూడా అలాగే చేయండి.